దొర రొట్టె పొంగింది

పాసయ్యాను!

పాసయ్యాను, పాసయ్యాను, పాసయ్యాను. కెమిస్ట్రీలో బియస్సీ. కాలేజీ నోటీసు బోర్డు మీద రెండో కాగితంలో, పైనుంచి పదకొండో వరసలో నా నంబరుంది. వేలు పెట్టి చూశాను. వేలు తీసి చూశాను. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక పక్కనున్న అమ్మాయి చేత కూడా చదివించాను. ఉంది. మా నాన్న ఎనిమిది దాకా చదివాడు. మా అమ్మ ఐదు దాకా. మా మామ్మ బడి కిటికీ దాకా. చెల్లెల్ని చంకనేసుకుని బయట నిలబడి విన్నంత మేర ఆవిడ చదువు. మా ఇంటి గడప తొక్కిన మొదటి డిగ్రీ నాది. దాన్ని చెయ్యి పట్టుకుని గడప దాటించింది మాత్రం ఒక రొట్టె.

ఇప్పటికి ముగ్గురికే చెప్పాను. మా ఊరు, బర్మాలోని ఇన్సేన్, వచ్చే రైల్లో ఎదురుగా కూర్చున్న మామిడికాయల ఆవిడకి. ఆవిడ అడగలేదు. స్టేషన్ బయట టీ కొట్టు ఆయనకి. ఆయనా అడగలేదు. మా సందు మొదట్లోంచి అరుచుకుంటూ వచ్చి మామ్మకి. తక్కినవాళ్ళందరికీ ఫోన్ చేయాలి. పొద్దుటినుంచి ఫోన్ చచ్చిపోయి ఉంది, ఇప్పుడే చార్జింగుకి పెట్టాను. కరెంటు పోయేలోగా ఎంత ఎక్కితే అంత. అది ఎక్కేలోపు ఇది రాసేస్తాను. లేకపోతే కడుపు పగిలిపోయేలా ఉంది.

ఆ రొట్టె పేరు మా ఇంట్లో దొర రొట్టె. లోకం దాన్ని ఐరిష్ సోడా బ్రెడ్ అంటుందని కాలేజీకి వెళ్ళాకే తెలిసింది. మా ముత్తాత, అంటే మా నాన్నకి తాత, ఇన్సేన్ రైల్వే బంగళాల్లో ఒక ఇంజనీరు దొర దగ్గర వంట చేసేవాడు. ఆ దొర ఇంగ్లండువాడు కాదు, ఐర్లండువాడు. ముత్తాత ఈ తేడా జీవితాంతం పట్టుబట్టి చెప్పేవాడట. ఎవరైనా పొరపాటున "మీ ఇంగ్లీసు దొర" అంటే అన్నం ముందునుంచి లేచిపోయేవాడట. ఆ దొరకి వాళ్ళమ్మ చేసే రొట్టె మీద బెంగ. ఎలా చెయ్యాలో తనకి తెలిసినంత చెప్పాడు, ఒక ఇనపదాక బొమ్మ కాగితం మీద గీసిచ్చాడు. వర్క్‌షాపులో పోత పోసేవాళ్ళు ఆ బొమ్మ చూసి దాక పోశారు. మూడు పొట్టి కాళ్ళు, బల్లపరుపు మూత, మూత చుట్టూ నిప్పులు జారిపోకుండా చిన్న గట్టు. దొర వెళ్ళిపోతూ దాన్ని ముత్తాతకి ఇచ్చేశాడు. మా ఇంట్లో అన్నిటికన్నా బరువైన వస్తువు ఇప్పటికీ అదే.

రొట్టె లెక్కలు కాగితం మీద లేవు, చేతుల్లో ఉన్నాయి. గోధుమపిండి నాలుగు గుప్పిళ్ళు, మైదా రెండు గుప్పిళ్ళు, ఉప్పు. బొటనవేలి గోరు మీద నిలిచినంత తినేసోడా, రెండుసార్లు. పిండి తడిసేంత పుల్ల మజ్జిగ. గుడ్డు లేదు, పంచదార లేదు, ఈస్టు లేదు. ముద్ద చేసి, కత్తితో పైన అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి లోతుగా గీతలు పెట్టాలి. "రొట్టికి ఊపిరాడాల" అంటుంది మామ్మ ఆ గీతల గురించి. తర్వాత దాకలో పెట్టి కింద నిప్పులు, మూత మీద నిప్పులు.

ప్రతి ఏటా ముత్తాత తద్దినం నాడు పటం ముందు అరిటాకులో అన్నం, పప్పు, గారెలు పెట్టి, వాటి పక్కన దొర రొట్టె పెడతారు. ఇలాంటి తద్దినం ఇంకెవరింట్లోనైనా ఉందేమో నాకు తెలియదు. పటం ముందునుంచి తీశాక దాన్ని మేం తినాలి. అక్కడే కష్టం. అది రొట్టె కాదు, ఇటుక. టీలో ముంచి, అటువైపు చూస్తూ ఇరవై లెక్కపెట్టి, అప్పుడు కొరకాలి. ఐర్లండు వాళ్ళ పళ్ళు చాలా గట్టివని చిన్నప్పుడు నేను నిజంగా నమ్మాను. నాన్న ఏటేటా ఒకే మాట అనేవాడు: "అమ్మా, దీన్ని పట్టా మీద ఎట్టినావంటే మాండలే మెయిలు ఆగిపోతాది."

మామ్మ కూడా ఏటేటా ఒకే జవాబు: "తినరా. మీ తాతలు తిన్నారు, నీకేటి రోగం?"

ఇక నా డిగ్రీ సంగతి. రాత పరీక్షలన్నీ అయిపోయాయి. మిగిలింది ఒక్క ప్రాజెక్టు. నేను మొదట ఇచ్చిన రిపోర్టుని మా సయామా, అంటే మా టీచరమ్మ, రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చారు.

"ఇది నువ్వు రాసింది కాదు. ఇంటర్నెట్టు రాసింది" అన్నారు బర్మా భాషలో, మెత్తగా. ఆవిడ మెత్తగా మాట్లాడితేనే భయం. "మీ ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. ఎందుకు అలా జరుగుతోందో మీకెవరికీ తెలియనిది. దాన్ని పట్టుకురా. పరీక్షకి వచ్చే ముగ్గురి ముందు చేసి చూపించు. కుదరకపోతే వచ్చే ఏడాది మళ్ళీ రా."

వచ్చే ఏడాది! వచ్చే ఏడాది దాకా ఆగే ఓపిక మా ఇంటికి లేదు. మా అమ్మ మింగళాడోన్ వైపు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. చిన్నమ్మ అక్కడే లైన్ సూపర్వైజరు. నా కోసం కిటికీ పక్కన ఒక మిషను ఆపి ఉంచానని నాలుగు నెలలుగా చెబుతోంది. ఆ రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పాను. అమ్మ కూర గిన్నె మీద మూత పెట్టింది.

"ఈపాలి తప్పితే మిషనెక్కీ అని నేను సెప్పను" అంది. "నువ్వే ఎక్కీసి కూకుంటావు. నాకాడికొచ్చి, పర్నేదమ్మా అంటావు. అదే నా బయ్యం."

తల వంచుకుని అన్నం కెలికాను. ఎందుకంటే నేను సరిగ్గా అదే అనుకుంటున్నాను.

రెండు రోజులు ఇల్లంతా వెతికాను, మా ఇంట్లో ఎందుకు జరుగుతోందో తెలియనిది ఏముందా అని. చాలా ఉన్నాయి కానీ కెమిస్ట్రీలో పనికొచ్చేవి కావు. మూడో రోజు ఇనపదాక కాలికి తగిలి బొటనవేలు చితికింది. కుంటుకుంటూ వెళ్ళి కూర్చుని దాన్ని తిడుతుంటే అప్పుడు తట్టింది. మా దొర రొట్టె ఎందుకు ఇటుకలా అవుతుంది?

మామ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మామ్మా, ముత్తాత పిండి కలిపినాక ఏటి సేసీవోడు?"

"ఏటి సేస్తాడు? తడిగుడ్డ కప్పి పడుకోబెడతాడు. పిండన్నాక పడుకోవాల. నువ్వు పడుకోవా?"

"నువ్వు సూసినావా?"

"నేనెలాగ సూస్తానే? మావ వంట సేస్తంటే ఆడోళ్ళు గడప దాటకూడదు. బంగళాలో పన్జేసినోడు కదా, ఆ దర్జా. గుమ్మంకాడ నిలబడీవోళ్ళం. కలిపీదాకా సూసినాను. ఆ తరవాత గోడకి అతుక్కుపోయీవోళ్ళం."

"ఎందుకు?"

"దారి! దారి! అని అరుసుకుంటా వొచ్చీవోడే బాబూ. నిప్పులు పెరట్లో కదా. చేతుల్లో ముద్దట్టుకుని పరుగు. ఎదురొస్తే తొక్కీడమే. ఓపాలి మీ తాతని తోసీసినాడు, కన్నకొడుకుని. పెళ్ళైన కొత్త నాకు. పిచ్చోళ్ళింట్లో పడ్డానేటి సామీ అనుకున్నాను."

నా చేతిలోని గింజ కిందపడింది. గంటసేపు పడుకోబెట్టబోయే పిండిని పట్టుకుని ఎవరైనా పరిగెత్తుతారా?

"మామ్మా, మరి ఈ పడుకోబెట్టడం ఎవరు సెప్పినారు?"

మామ్మ నావైపు అనుమానంగా చూసింది. "ఒకరు సెప్పాలేటి? మావ పోయినాక మొదటి తద్దినానికి నేనే సేసినాను. ఇడ్లీ పిండి పులవాల. పూరీ పిండి నానాల. ఇదేమన్నా దొరసాని కూతురా, పడుకోకండా పొయ్యెక్కీడానికి?"

అదీ సంగతి. ముత్తాత వంటింటికీ పెరట్లో నిప్పులకీ మధ్య ఏం జరిగేదో మా ఇంట్లో ఏ ఆడమనిషీ చూడలేదు. ఆ ఖాళీని మామ్మ తనకి తెలిసిన వంటతో పూడ్చింది. తెలుగువాళ్ళ వంటింట్లో పిండికి విశ్రాంతి ఇవ్వడం కన్నా పెద్ద మర్యాద ఏముంటుంది? ఇడ్లీ పిండిలో ప్రాణమున్నవి ఉంటాయి. అవి రాత్రంతా కూర్చుని నింపాదిగా గాలి ఊదుతాయి. సోడాకి ప్రాణం లేదు. పుల్ల మజ్జిగ తగిలిన క్షణాన ఉన్న గాలంతా ఒక్కసారే వదిలేస్తుంది. దానికి ఉన్నది ఒక్కటే ఊపిరి. ఆ ఊపిరి పోకముందే వేడి తగిలితే పిండి పొంగి, పొంగినట్టే బిగుసుకుంటుంది. తడిగుడ్డ కింద పడుకోబెడితే ఆ ఊపిరి కాస్తా గుడ్డలోంచి పోతుంది. మిగిలేది ఇటుక.

ఇదంతా మామ్మకి చెప్పాను. గ్లాసులో మజ్జిగ పోసి, సోడా వేసి, నురగ పొంగి చల్లారడం కూడా చూపించాను.

"బాగున్నాది" అంది మామ్మ. "గ్లాసులో రొట్టి కాల్సుకో మరి."

"ముత్తాత పరిగెత్తీవోడని నువ్వే కదా సెప్పినావు!"

"దొర ఆకలి మీదుండీవోడంట. గడియారం ఎట్టుకుని కూకునీవోడంట. మావకి ఆ బయ్యం అలవాటైపోయినాది. మనింట్లో ఏ దొరున్నాడని పరుగు?"

నేనే చేద్దామని దిగాను. రెండిళ్ళ అవతల కరెంటు ఓవెన్ ఉంది కానీ, రొట్టె లోపల ఉండగా రెండుసార్లు కరెంటు పోయింది. ఇక దాకే గతి. నిప్పుల లెక్క నాకు చేతకాలేదు. మొదటిది పైన మసి, లోపల జావ. రెండోది ఒకవైపు కాలి ఒకవైపు తెల్లగా, సగం ముఖానికి పౌడరు రాసుకున్నదానిలా వచ్చింది. మామ్మ చూసి చూసి ఉండబట్టలేక వచ్చి నన్ను పక్కకి నెట్టింది. మూత పైన అరచెయ్యి చాపి, పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టి, పటకారుతో రెండు నిప్పులు తీసి ఒకటి వేసింది. తన పద్ధతి కాని రొట్టె అయినా సరే, మాడిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాదు.

ఆ రోజు రెండు రొట్టెలు వచ్చాయి. ఒకటి మామ్మది, పడుకున్నది. ఒకటి నాది, పరిగెత్తినది. నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. నాన్న ఉద్యోగం రైల్వే షెడ్డులో చక్రాలు చూడటం. పొడుగు కర్ర సుత్తితో చక్రం మీద ఒక్కటి కొట్టి, మోత వినాలి. పగులుంటే మోత చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. కాళ్ళు కడుక్కుని, మామ్మ రొట్టెని తిరగేసి, అడుగున వేలి మెటికతో కొట్టాడు. దబ్. నా రొట్టెని తిరగేసి కొట్టాడు. ఖాళీ కుండ మీద కొట్టినట్టు పలికింది.

"ఇది పట్టాలెక్కుతాది" అన్నాడు నా రొట్టె వైపు చూపించి. రెండోదాన్ని చేతిలో బరువు చూసి, "ఇది పట్టాల కింద రాయి" అన్నాడు.

మామ్మ తన రొట్టెని నాన్న చేతిలోంచి లాక్కుంది. నాది ముట్టుకోలేదు. ఎంత బతిమాలినా ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. "అది బేకరీ రొట్టి. మావ రొట్టి కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు పొద్దున్నే మామ్మ ముస్తాబై అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గిన్నె, దాని మీద తడిగుడ్డ.

"ఏటిది?"

"రొట్టి పిండి. తెల్లారగట్ట కలిపినాను. నిప్పులకి నేను రావాలన్నావు కదా. వొస్తాను. నా రొట్టి కూడా వొస్తాది. సదువుకున్నోళ్ళు తిని సెప్తారు."

నిజానికి నాకు అదే కావాలి. పక్కన పెట్టి చూపించడానికి పడుకున్న రొట్టె ఒకటి ఉండాలి. కానీ ఆ మాట మామ్మతో ఎలా అనను? "సరే రా" అన్నాను. పాత లుంగీలో ఇనపదాకని మూటగట్టి, చెరో చెవి పట్టుకుని ఇద్దరం రైలెక్కాం. మామ్మ దారంతా గిన్నెని ఒళ్ళోనే పెట్టుకుంది. పక్కనున్నవాళ్ళు లోపల పిల్లి ఉందా అని అడిగారు.

కాలేజీ వెనక పెరట్లో కుంపటి పెట్టుకోమన్నారు. పరీక్షకి వచ్చినవాళ్ళు ముగ్గురు. మా సయామా, ఇంకొక కుర్ర టీచరు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఒక సయాజీ, అంటే పెద్ద మాస్టారు. తెల్ల జుట్టు, నలగని లుంగీ, చేతిలో నా రిపోర్టు. దాని నిండా ఎర్ర గీతలు.

ముందు మామ్మ రొట్టె కాలింది. ఉన్నది ఒక్క దాకే కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి. రొట్టె తీసి పీట మీద పెట్టాం. సయామా కత్తి తీసుకున్నారు. కత్తి దిగలేదు. కుర్ర టీచరు సాయం పట్టారు. విరిగిన ముక్కని ముగ్గురూ మర్యాదగా నోట్లో పెట్టుకున్నారు. పెద్దావిడ చేసిందని ఉమ్మేయలేదు. అలాగని నమలనూ లేదు. దవడ పక్కన పెట్టుకుని నిలబడ్డారు. సయాజీ మామ్మ వైపు తిరిగి, "చాలా బలమైన రొట్టె, అఫ్వా" అన్నారు. అఫ్వా అంటే బర్మా మాటలో మామ్మ.

మామ్మకి బర్మా భాష మా అందరికన్నా బాగా వచ్చు. మనుషుల మొహాలు చదవడం అంతకన్నా బాగా వచ్చు. ఆవిడ ముగ్గురి మొహాలూ చూసింది. విసనకర్ర తీసుకుని కుంపటి వైపు తిరిగి విసరసాగింది. ఆ వీపు చూశాను. అంతా మానేసి ఇంటికి పోదామనిపించింది.

కానీ నా వంతు వచ్చింది. పొడి పిండిలో మజ్జిగ పోసి వేళ్ళతో చకచకా కలిపాను. అరచేతుల కింద చిటచిటలాడుతూ పిండి లేస్తోంది. ముద్ద చేశాను. పీట మీద పెట్టాను. కత్తి అందుకోబోతున్నాను.

సరిగ్గా అప్పుడే సయాజీ గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయీ, రెండో పేజీలో ఒక మాట రాశావు..."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళో సయా, అంటే మాస్టారు, మాట్లాడుతుంటే శిష్యులు చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి నిలబడతారు. మధ్యలో కదలడం, మాట అడ్డం వేయడం, వీపు చూపించడం ఉండవు. ఒకటో క్లాసు నుంచి ఎముకల్లోకి ఎక్కిన అలవాటు. నాకు తెలియకుండానే పిండి చేతులు కట్టుకుని నిలబడిపోయాను. ఆయన ప్రశ్న పొడుగు. ముందు రెండో పేజీ, తర్వాత మూడో పేజీ, తర్వాత ఆయన కుర్రతనంలో చేసిన ఒక ప్రయోగం. నేను తలూపుతున్నాను, కంటి చివరి నుంచి పిండిని చూస్తున్నాను. ముద్ద పైన బుడగలు లేస్తున్నాయి, పగులుతున్నాయి. లేస్తున్నాయి, పగులుతున్నాయి. నా డిగ్రీ ఒక్కో బుడగగా గాల్లో కలిసిపోతోంది.

మామ్మ విసనకర్ర ఆగింది.

ఆవిడ ఆ పిండి వైపు చూసింది. నా వైపు చూసింది. కట్టుకున్న నా చేతుల వైపు చూసింది. మళ్ళీ పిండి వైపు చూసింది. ఆ బుడగల్ని అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు. నలభై ఏళ్ళుగా తడిగుడ్డ కప్పే ఉంచింది కదా.

"దారి!" అని అరిచింది.

పెరట్లో కాకులు లేచిపోయాయి.

"దారి! దారి!"

డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కని మనిషి. వచ్చి ముద్దని రెండు చేతులా ఎత్తుకుని, సయాజీకీ నాకూ మధ్యలోంచి పరుగు. తెలుగు ముక్క రాకపోయినా సయాజీ ఒక్క గంతులో పక్కకి తప్పుకున్నారు. ఆయన చేతిలోని కాగితాలు ఎగిరాయి. మామ్మ ముద్దని దాకలో పడేసి, "కత్తే! ఒలే, కత్తేదే!" అంది. పరిగెత్తి ఇచ్చాను. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మూత. మూత మీద నిప్పులు. అప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని ముగ్గురు టీచర్ల వైపూ తిరిగి, రొప్పుతూ, బర్మా భాషలో అంది:

"ఇప్పుడడగండి. మీరు ఆగగలరు. అది ఆగదు."

సయామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో భయమో తెలియలేదు. సయాజీ వంగి కాగితాలు ఏరుకున్నారు. ఏరుకున్నవాటిని విప్పకుండా చుట్టి చంకలో పెట్టుకున్నారు.

"నా ప్రశ్న మారింది. అఫ్వా ఎందుకు పరిగెత్తింది? అది చెప్పు."

చెప్పాను. చేతులు కట్టుకోకుండా చెప్పాను. సోడా గురించి, మజ్జిగలో పులుపు గురించి, ఒక్క ఊపిరి గురించి. మరి మొదటి రొట్టెకి ఏమైందని అడిగారు. "దాని ఊపిరి మేం వచ్చిన రైల్లోనే పోయిందండీ" అన్నాను. మామ్మ మనసు నొచ్చుకోకూడదని అంతకుమించి అనలేదు. ఆయన నవ్వి, మామ్మనే అడిగారు: "పిండి ఆగదని మీకెవరు చెప్పారు, అఫ్వా?"

"మా మావగారు" అంది మామ్మ. "నలభై ఏళ్ళ కిందట. నాకు ఇవాళ వినబడింది."

మూత తీసినప్పటి సంగతి ఎలా రాయాలి? గీతలు నాలుగు రేకుల్లా విచ్చుకున్నాయి. పైన బంగారం రంగు పెచ్చు. కాల్చిన గోధుమ వాసన పెరడు దాటి మెట్ల దాకా వెళ్ళినట్టుంది, పై అంతస్తు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. తిరగేసి మెటికతో కొట్టాను. ఖాళీ కుండ! మా నాన్న అక్కడ ఉంటే జెండా ఊపేవాడు. కత్తి దానంతటదే దిగింది. కుర్ర టీచరు రెండో ముక్కకి చెయ్యి చాచారు. సయాజీ కళ్ళు మూసుకుని నమిలి, "కౌందే" అన్నారు. బాగుందని. ఒక్క మాటే. ఆ ఒక్క మాట విని ఇంకో ముక్క కోసి ఆయన చేతిలో పెట్టాను.

అప్పుడు మామ్మ ఒక ముక్క తీసుకుంది. అందరికీ వీపు పెట్టి తింది. చాలాసేపు నమిలింది. నా దగ్గరికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్ల అంది.

"మావ రొట్టి" అంది. "ఇదేనే. నా పెళ్ళైన కొత్తలో మావ సేసి పెట్టీవోడు. ఇదే." దాక వైపు తిరిగి, "నలభై ఏళ్ళు ఆ మహానుబావుడికి ఇటికెట్టినాను. ఒక్క కలలోనన్నా వొచ్చి సెప్పొచ్చు కదా!"

ఇది జరిగి పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజులూ మామ్మ రోజూ రొట్టె చేసింది. తడిగుడ్డని చింపి మసిగుడ్డ చేసింది. రోజూ సాయంత్రం "దారి!" అని అరుస్తోంది. దారికి అడ్డం ఎవరూ లేకపోయినా అరుస్తోంది. మూడిళ్ళ అవతల వాళ్ళు ఆ కేక వినబడితే టీ పెట్టుకుంటున్నారు.

ఇవాళ నోటీసు బోర్డు. పదకొండో వరస.

ఫోన్ సగం ఎక్కింది. చాలు. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు:

అమ్మకి. ఫ్యాక్టరీలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. సాయంత్రం గేటు దాటగానే, బస్సు ఎక్కకముందే పట్టుకోవాలి. బస్సులో ఏడిస్తే దిగాల్సిన చోట దిగదు.

నాన్నకి. షెడ్డులో మాట వినబడదు. రెండుసార్లు రింగిచ్చి పెట్టేస్తే పాస్ అని ముందే ఒప్పందం. మోత విని చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

చిన్నమ్మకి. కిటికీ పక్క మిషను ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని. తిడుతుంది, తర్వాత అందరికన్నా ఎక్కువ తనే చెప్పుకుంటుంది.

సయామాకి. ఆవిడకి తెలుసు. అయినా.

సంచౌంగ్ బజార్లో పెరుగమ్మే అక్కకి. "ఎంత పుల్లగా ఉంటే అంత మంచిది" అని అడిగిన ఒకే ఒక్క బేరం నేనేనట.

బరంపురంలో ఉన్న పెదతాత వాళ్ళకి. నన్నెప్పుడూ చూడలేదు. కెమిస్ట్రీ అంటే మందుల షాపా అంటారు. అవుననేస్తాను.

ఐర్లండులో ఆ దొర మనవలకి. నంబరు లేదు. దొరికిన రోజున చేస్తాను.

మామ్మకి. పక్క గదిలోనే ఉంది, వినగానే నన్ను ఎత్తుకోబోయి నడుం పట్టేసి మంచమెక్కింది. కానీ ఇప్పుడే గోడ అవతలినుంచి అరిచింది: "అందరికీ ఫోన్ సేసి మర్యాదగా సెప్తన్నావు, నాకు మాత్రం సందులోంచి కేకేసినావు. నాకూ ఫోన్ సెయ్యి. నేను హలో అంటాను. నువ్వు మొదటినుంచి సెప్పు."